రాగిరేకుపై మానులు మొలిపించిన సలోమి మేడం

మొన్న మంగళవారం రెండో పీరియడులో పదో తరగతికి పద్యం చెబుతుండగా లేత్ షెడ్డు మస్తాన్ ఫోన్ చేశాడు. పాఠం మధ్యలో నేను ఫోను ఎత్తను. మూడోసారి మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తాను. "అయ్యవారూ, సలోమి మేడం పోయినారు. కడప ఆస్పత్రిలో, తెల్లారే ముందర. గుండెపోటంట" అన్నాడు. ముందురోజు సాయంకాలమే ఆమె నాతో ఫోనులో పావుగంట సేపు, వానకు తడిసిన తుమ్మ బెరడు ఎంత నల్లగా ఉంటుందో చెప్పింది. ఆ నలుపు కాగితం మీదికి ఎలా తేవాలో చెబుతూ చెబుతూ గొంతు పెంచింది. అలాంటి గొంతు ఆగిపోతుందా? తరగతిలోకి తిరిగి వచ్చాను. చెబుతున్న పద్యం ఏదో గుర్తు రాలేదు. విషయం చెప్పగానే పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, లేచి నిలబడ్డారు. వాళ్ళు ఏడో తరగతిలో ఉండగా ఆమె పదవీ విరమణ చేసింది. వాళ్ళకు చెట్టు గీయడం నేర్పింది ఆమే.

వేంపల్లె ఉన్నత పాఠశాలలో ఆమె డ్రాయింగు టీచరు, నేను తెలుగు పండితుణ్ణి. పంతొమ్మిదేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నా వాక్యాల్లో సమాసాలు పొడుగైతే "తెలుగయ్యవారూ, ఊపిరి తీసుకోండప్పా!" అని నవ్వేది. ఇప్పుడు ఈ నివాళి రాస్తున్నా ఆ మాటే చెవిలో పడుతోంది. అందుకే శోకగీతం రాయబోవడం లేదు. ఆమెతో గడిపిన రోజులను తలచుకుంటే నాకు నేటికీ దుఃఖం కన్నా ముందు ఉత్సాహమే ఉప్పొంగుతుంది. యాభై రెండేళ్ళ వయసులో నన్ను పసివాణ్ణి చేసిన మనిషి ఆమె.

సలోమి గారు పుట్టింది బేతంచెర్లలో. తండ్రి గనిలో బండలు తీసే కూలీ. పని లేని రోజుల్లో, చర్చి వెనక సమాధుల కోసం పలకల మీద పేర్లు చెక్కేవాడు. "మా నాయిన ఉలి సప్పుడు వింటానే ఏ అక్షరం చెక్కుతాండాడో చెప్పేస్తాంటి" అనేది ఆమె. రాతిలో గీత పడే ఆ శబ్దమే ఆమెకు తొలి గురువు. చిత్రకళ చదివే రోజుల్లో ఒక నెలపాటు డ్రైపాయింట్ అనే విద్య నేర్పారట. రాగిరేకు మీద గట్టి సూదితో బొమ్మ గీకి, సిరా పూసి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి బరువైన రోలర్ల మధ్య నడిపితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. ఆ నెల రోజుల రుచి ఆమె నాలుక మీద ముప్పై ఏళ్ళు నిలిచిపోయింది. కానీ వేంపల్లెలో అచ్చుయంత్రం ఎక్కడిది?

అది తయారైన కథ చెప్పాలి. లేత్ షెడ్డు నడిపే మస్తాన్ దగ్గర ఒక చెరకు రసం మిషన్ మూలబడి ఉంది. పాత ఇనుముకు వేయబోతుంటే సలోమి గారు చూసి, రోడ్డు మీదే నిలబడి కేక పెట్టింది. "మస్తానూ, దాన్ని ముట్టుకోవద్దు! అది రసం మిషను కాదు, నా ప్రెస్సు!" మస్తాన్ ముందు నవ్వాడు. తర్వాత ఆమె కాగితం మీద గీసి చూపించిన బొమ్మ చూసి నవ్వడం మానేశాడు. గాడులున్న రోలర్లు తీసి నున్నటివి వేశాడు. వాటి మధ్య జరిగేలా దళసరి ఇనుప పలక అమర్చాడు. కాగితం మీద ఒత్తిడి సమంగా పడటానికి ఆమె ఓ గొర్రెలకాపరిని అడిగి పాత గొంగడి ముక్క తెచ్చింది. సూది కోసం గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని బేతంచెర్ల బండ మీద వారం రోజులు నూరింది.

తొలి అచ్చు తీసిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. చర్చి నుంచి నేరుగా తెల్లచీరతోనే వచ్చింది. రేకు మీద చిన్న రేగుచెట్టు. మస్తాన్ చక్రం తిప్పాడు. ఆమె కాగితం కొస పట్టుకుని మెల్లగా లేపింది. ఆ క్షణాన్ని వర్ణించడానికి నా పాండిత్యం చాలదు. తెల్లటి తడి కాగితం మీద ఒక రేగుచెట్టు, ముళ్ళతో సహా, మఖమలు లాంటి నలుపుతో లేచి నిలబడింది! ముగ్గురం ఒకేసారి అరిచాం. ఆమె తెల్లచీర నిండా సిరా. "వచ్చినాది సారూ, వచ్చినాది!" అంటూ సిరా చేతులతోనే చప్పట్లు కొట్టింది.

ఆ నలుపు రహస్యం నాకు ఎన్నోసార్లు చెప్పింది. "గీతలో ఏముండాది సారూ? గీకినప్పుడు అంచు మీద లేస్తాదే ఆ గరుకు, దాంట్లో ఉండాది అందమంతా. సిరాను పట్టుకునేది అదే." వేలికొసతో తడిమితే ఆ గరుకు తెలుస్తుంది. పెంకె పిల్లవాడి తల మీద చేయి వేసినట్టు ఆమె రేకు మీద వేలు వేసేది. ప్రతి అచ్చుకూ ఆ గరుకు కొంత అణగిపోతుంది. పది, పదిహేను కాగితాలకు నలుపు తగ్గి, బొమ్మ వెలిసిపోతుంది. "మనుషుల మాదిరే సారూ, ఎక్కువ నలిపితే వట్టి గీత మిగులుతాది" అనేది.

ఫోటో చూసి ఆమె ఏ చెట్టునూ గీయలేదు. ఒకసారి పత్తికొండ టమోటా మార్కెట్టు పక్క వేపమానును గీయడానికి ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. అచ్చులో బొమ్మ కుడియెడమలు మారిపోతుంది గనుక, చెట్టుకు వీపు తిప్పి కూర్చుని, ఎదురుగా అద్దం పెట్టుకుని అందులో చూస్తూ గీసేది. హమాలీలు చుట్టూ మూగారు. ఒకాయన ఉండబట్టలేక, "మాను యనక ఉంటే అద్దంలో ఏం చూస్తాండావమ్మా? ముఖమా?" అన్నాడు. "మీ మాను ముఖమే అన్నా. దానికి సిగ్గెక్కువ, నేరుగా చూస్తే తిప్పుకుంటాది" అంది ఆమె. ఆ మధ్యాహ్నమంతా టమోటా పెట్టెలు మోసే ప్రతివాడూ ఒకసారి వంగి అద్దంలో చెట్టును చూసిపోయాడు.

ఇక నా అపరాధం ఒప్పుకోవాలి. దాన్ని దాచి ఆమెను కీర్తిస్తే ఆ కీర్తన అసత్యమవుతుంది.

వేంపల్లెకు కొద్ది దూరంలో ఓబన్న అనే రైతు చేలో ఒక నారేపమాను ఉండేది. ఓబన్న తాత ముత్తాతలు దాని నారతోనే మోకులు పేనుకున్నారు. సలోమి గారు పదకొండు రోజులు దాని కింద కూర్చుని గీసింది. ఇంకా ఒక్క అచ్చు కూడా తీయలేదు. అంతలో గాలివాన వచ్చి మాను వేళ్ళతో సహా కూలింది. ఓబన్న బడికి వచ్చాడు. "మేడం, నీ రేకులో ఉండాది గదా మా మాను? ఒక కాగితం ఇయ్యి. ఇంట్లో ఆమె తిండి తినకుండా కూర్చుండాది" అన్నాడు. ఆదివారం ఇస్తానని ఆమె మాట ఇచ్చింది.

శనివారం మస్తాన్ షెడ్డులోని ప్రెస్సు దగ్గరికి నేనే ముందు వెళ్ళాను. రేకు చూశాను. రాగి మసకబారి, చిలుం పట్టినట్టుంది. ఆమె వచ్చేసరికి తళతళలాడేలా చేసి మెప్పు పొందాలని నా ఆరాటం. మా ఇంట్లో రాగిచెంబు ఎలా తోముతారో అలా, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి శక్తికొద్దీ తోమాను. రేకు మెరిసింది. ఆమె వచ్చింది. చూసింది. వేలికొసతో తడిమింది.

ఆ రేకు మీద నేను అరగదీసింది మురికిని కాదు, గరుకును. అచ్చు తీసి చూస్తే నారేపమాను ఎండలో పొగలా పాలిపోయి వచ్చింది. ఆమె చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడం కన్నా చెంపదెబ్బ నయం. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

మరునాడు పొద్దున్నే మా ఇంటి ముందు ఆమె. చేతిలో సంచి, అందులో రేకు, అద్దం, దబ్బనం. "పదండి సారూ, ఓబన్న ఇంటికి. చెడగొట్టినోళ్ళే దగ్గరుండి బాగుచెయ్యల్ల" అంది. ఆదివారం ఆరాధన మానేసి ఆమె వచ్చిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

పాలిపోయిన అచ్చును ఓబన్న చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది మా మాను కాదప్పా. దాని దయ్యం" అన్నాడు. ఆయన భార్య లక్షుమ్మ గోడవారగా కూర్చుని ఉంది. కాగితం అందుకుంది. "ఈ కొమ్మ ఇంత పైన లేదు. మా పెద్దోనికి దీనికే ఊయల కట్టింటి. నా చెయ్యి అందుతాండె" అంది.

సలోమి గారి కళ్ళు వెలిగాయి. మంచం మీద రేకు పెట్టి దబ్బనం తీసింది. "యాడికి అందుతాండె లక్షుమ్మక్కా? ఈడికా?"

"ఇంకా కిందికి."

"కిందికి కాదు లే, నీకేం తెలుసు!" అన్నాడు ఓబన్న.

"ఊయల కట్టింది నువ్వా, నేనా?"

అంతే! పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. మానుకు పిడుగు దెబ్బ తగిలిన మచ్చ తూర్పున అని ఒకరు, కాదు దక్షిణాన అని ఒకరు. తేనెపట్టు ఏ చీలికలో పట్టేదో తేల్చడానికి అరగంట వాదం. కూలిన మాను కోసం ఊరు ఊరంతా పోట్లాడుతుంటే, ఆమె అద్దంలో కుడియెడమలు సరిచూసుకుంటూ గీకుతూనే ఉంది. రాగి కిర్రుకిర్రుమంటోంది. తగవు ముదిరినప్పుడల్లా ఓబన్న వేలు పట్టుకుని రేకు మీద పెట్టి "ఇట్లనా?" అనేది. ఆయన కళ్ళు మూసుకుని తడిమి "ఊఁ, ఇప్పుడొస్తాండాది" అనేవాడు. అన్నం ముట్టని లక్షుమ్మ ఆ మధ్యాహ్నం అందరికీ సంగటి కెలికి, తానూ మాతో కూర్చుని తినింది.

సాయంకాలానికి ఆటోలో పదిమంది షెడ్డు ముందు దిగారు. చక్రం ఓబన్నే తిప్పాడు. కాగితం లేపమని సలోమి గారు లక్షుమ్మను ముందుకు తోసింది. కొస పట్టుకుని లేపింది లక్షుమ్మ. వాలిన కొమ్మలతో, జంట ఆకులతో, పిడుగు మచ్చతో, చేయి అందే ఎత్తులో ఊయల కొమ్మతో, గాఢమైన నలుపులో నారేపమాను! షెడ్డు దద్దరిల్లింది. ఓబన్న మస్తాన్‌ను కౌగిలించుకున్నాడు. లక్షుమ్మ మాత్రం తడి కాగితం మీదికి చేయి చాచి, ముట్టకుండా ఆ కొమ్మ కింద అరచేయి ఉంచి నిలబడింది. సలోమి గారు నా వైపు తిరిగి, "నేనొక్కదాన్నే గీసినప్పుడు ఇంత బాగ రాలేదు సారూ. మీ చింతపండుకు శానా రుణపడినాం" అంది. నా తప్పును అంత దయతో ఇంకెవరూ క్షమించలేదు.

ఆ తర్వాత ఆమె పని తీరే మారిపోయింది. ఏ మాను గీసినా దాని కింద బతికినవాళ్ళను కూర్చోబెట్టుకుని, వాళ్ళు ఔనన్నాకే అచ్చుకు పెట్టేది. "చూసినోళ్ళు వందమంది ఉంటే మానుకు వంద ముఖాలు సారూ" అనేది. ఏ సిద్ధాంతగ్రంథంలో ఉంది ఇంతటి మాట?

బేతంచెర్లలో, తండ్రి పేర్లు చెక్కిన సమాధుల నడుమ ఆమెను ఉంచి వచ్చాం. ఓబన్న, లక్షుమ్మ, పత్తికొండ నుంచి ఇద్దరు హమాలీలు కూడా వచ్చారు.

నిన్న ఆదివారం మస్తాన్, నేను షెడ్డు తెరిచాం. బల్ల మీద ఆమె చివరి రేకు ఉంది. తుమ్మమాను. బోదె, రెండు కొమ్మలు పూర్తయ్యాయి, తక్కినదంతా నున్నటి రాగి. "ఎట్ల చేద్దాం అయ్యవారూ?" అన్నాడు మస్తాన్. ఉన్నది ఉన్నట్టు ఒక్క అచ్చు తీద్దామన్నాను. ఆమె నేర్పినట్టే కాగితం నానబెట్టి, సిరా పూసి, ఒత్తకుండా తుడిచాను. మస్తాన్ చక్రం తిప్పాడు. కొస పట్టుకుని లేపాను. వానకు తడిసిన తుమ్మ బెరడు! ఆమె ఫోనులో చెప్పిన నలుపు, అదే, అచ్చంగా అదే! ఒళ్ళు పులకరించిపోయింది.

"మేడం, వచ్చింది!" అని అరిచి వెనక్కి తిరిగాను.