ఇంకొక్క రౌండు

చిలకలూరిపేట దగ్గర మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవారు. పరుగులో మేం రొప్పుతూ ఆగిపోతే నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇంకొక్క రౌండేనమ్మా. ఒకసారి ఆగితే ఒళ్ళు ఆగడానికే అలవాటు పడుద్ది," అనేవారు. లెక్క తెమలకపోయినా, నీళ్ళ బిందె బరువైనా మాకు ఆ మాటే గుర్తొచ్చేది.

పచ్చపురుగు పత్తిని తినేసిన ఏడాది, ఒక ఆదివారం ఆయన తన చేలో మందు కొడుతున్నారు. ఎండ మండిపోతోంది. ఎదురుగాలికి మందంతా ఆయన ముఖానికే కొడుతోంది. అటుగా వెళ్తున్న నన్ను చూసి గట్టు మీదున్న ఆయన భార్య, "పొద్దుట్నుంచీ ఆపట్లేదమ్మా, నువ్వన్నా చెప్పు," అంది.

"మాస్టారూ, ఇక రండి," అని కేకేశాను.

"ఇంకొక్క సాలే," అన్నారు. మాట ముద్దగా వచ్చింది. ఆ సాలు మధ్యలోనే, వీపున మందు డబ్బాతో బోర్లా పడిపోయారు.

గుంటూరు ఆసుపత్రిలో ఎలాగో బతికారు. మళ్ళీ బడికొచ్చేసరికి ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ సాయంత్రం మా పరుగు సగంలో ఉండగానే, "అలిసిపోయినోళ్ళు కూర్చోండమ్మా," అన్నారు.

నా ముందున్న పిల్ల పెదాలు తెల్లబడి, తూలుతూ పరుగెత్తుతోంది. ఆ పిల్లతో సహా ఎవరమూ ఆగలేదు.