ముందు మంచినీళ్లలో తేల్చి చూడాలి

ఇంట్లో బీరు తయారుచేయడం మా ఆయన సరదా. దాన్ని కొలిచే పరికరం ఎంచే పని మాత్రం నా నెత్తిన పడింది. ఎందుకంటే భయపడేది నేను.

మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానిన నీళ్లలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం చిక్కగా ఉంటుంది. ఈస్టు ఆ చక్కెరను తినేకొద్దీ పలచబడుతుంది. ఆ చిక్కదనం లెక్కనే గ్రావిటీ అంటారు. అంకె దిగడం ఆగకముందే సీసాల్లో పోసి మూత బిగిస్తే, లోపల ఈస్టు తింటూనే ఉంటుంది, గ్యాసు పెరుగుతుంది, సీసా పేలుతుంది. ఆ సంగతి చదివిన రోజు నుంచి బీరు పులిసే బకెట్ కనిపిస్తే చాలు, నాకు పాప కళ్లు గుర్తొచ్చేవి. పాపకు ఏడాదిన్నర.

మూడు రకాలు చూశాం. రెండు చుక్కలతో కొలిచే రిఫ్రాక్టోమీటర్ నాకు నచ్చింది, విరిగే గాజు గొట్టం లేదు కాబట్టి. కానీ ఆల్కహాల్ పుట్టాక అది చూపే అంకెను మళ్లీ లెక్కగట్టి సరిచేసుకోవాలి. బకెట్‌లో తేలుతూ ఫోన్‌కి అంకెలు పంపే పరికరం ఆయనకు నచ్చింది. నురగ అంటుకుంటే అదీ తప్పు చూపుతుందని నేను చదివాను.

"అయితే హైడ్రోమీటరే. నువ్వు ల్యాబ్‌లో వాడిందేగా," అన్నాడు.

"అది గాజు. ఇంట్లో పాప ఉంది."

"టాప్ షెల్ఫ్‌లో పెడతా తల్లీ. లాక్ కూడా వేయమంటావా?"

"వెయ్యి."

అలా గాజు పుల్ల వచ్చింది. పైన సన్నటి కాడ, దాని లోపల అంకెల కాగితం, కింద బరువైన బుడ్డి, అంతా ఒక ప్లాస్టిక్ గొట్టంలో. ద్రవంలో వదిలితే నిలువుగా తేలుతుంది, కాడ మీద మట్టం తాకిన అంకే గ్రావిటీ. ఒక రోజు కింద పెట్టి మరిచిపోయాం. పాప ఆ గొట్టాన్ని గిలక్కాయలా ఆడిస్తూ హాల్లోకి వచ్చింది. పరుగెత్తి లాక్కున్నాను. పగల్లేదు. దేవునికి స్తోత్రం చెప్పుకొని పైన పెట్టేశాను. అంతకు మించి ఏమీ చూడలేదు.

ఆ శనివారం ప్రార్థన కూడిక మా ఇంట్లో. అమెరికాలో మేముండే బాతెల్ ఊరి చుట్టుపక్కల ఉండే మా తెలుగు చర్చివాళ్లు వారానికో ఇంట్లో చేరతారు. బీరు మాట అక్కడ ఎవరూ ఎత్తరు. బకెట్ మూతకు గ్యాసు పోవడానికున్న చిన్న గొట్టం అప్పుడప్పుడూ బుళుక్‌మంటోంది. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆ చప్పుడు వినిపిస్తే?

"సీసాల్లో పోసేస్తే దాచొచ్చు," అన్నది నేనే. అంకె మూడు రోజులు కదలకుండా ఉంటేనే పోయాలని ఆయనకు చదివి వినిపించిందీ నేనే. బుధవారం ఒక్కసారి కొలిచాం. 1.010. బాగానే దిగింది, చాలనుకున్నాం. నలభై సీసాలు మా పడకగదిలో బట్టలు పెట్టుకునే క్లాజెట్‌లో, సూట్‌కేసుల వెనక చేరాయి. ఇంట్లో అన్నిటికన్నా వెచ్చగా ఉండే గది అదే.

శనివారం వాళ్లు వచ్చే ముందు, కిచెన్ సర్దుతూ గాజు పుల్లను దాచబోయాను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఏ పరికరం ముట్టుకున్నా "జీరో ఎర్రర్ చూశావా?" అంటూ మా మేడమ్ వెంటపడేది. చూడలేదని అప్పుడు తట్టింది. పొడుగాటి జార్‌లో మంచినీళ్లు నింపి పుల్లను వదిలాను. నీళ్లలో 1.000 చూపాలి. 0.992 దగ్గర నిలబడింది. పాప ఊపినప్పుడు లోపలి కాగితం కిందికి జారిందన్నమాట. అంటే 0.008 తక్కువ చూపుతోంది. బుధవారం అసలు అంకె 1.010 కాదు, 1.018. చక్కెర ఇంకా మిగిలే ఉంది. దాన్ని మూతలు బిగించి, ఈస్టు ఇంకా జోరుగా తినే వెచ్చటి గదిలో పెట్టాం.

ఆయనకు చెప్పేసరికి డోర్‌బెల్ మోగింది.

"మూడు రోజులకే ఏం కాదులే. వాళ్లు వెళ్లాక చూద్దాం," అన్నాడాయన గుసగుసగా.

"సరే," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పాట మొదలైంది. పాస్టర్ గారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. మూడు నెలల మనవడు ఆమె భుజం మీద నిద్రపోయాడు. ఆమె లేచి, ఎవర్నీ అడక్కుండా మా పడకగదిలోకి వెళ్లింది. ఎవరింట్లో కూడుకున్నా పసివాళ్లను పెద్ద మంచం మీదే పడుకోబెడతారు. ఆ మంచానికీ క్లాజెట్‌కీ మధ్య మూడడుగులు కూడా లేవు. పాటల పుస్తకంలో అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ నా చూపు పడకగది తలుపు మీదికే పోతోంది. అయినా రెండో చరణం అయ్యేదాకా కూర్చున్నాను.

అప్పుడు లేచి వెళ్లాను.

"అమ్మగారూ, బాబుని ఇక్కడ వద్దు."

"ఏమ్మా, నీ పక్క తడిపేస్తాడనా? డైపర్ వేశాంలే."

"క్లాజెట్‌లో సీసాలున్నాయి. పేలొచ్చు."

"పేలడమేంటి? పచ్చడి సీసాలా?"

"బీరు. మేమే కాచాం."

ఆమె నా ముఖం వైపు చూడలేదు. బాబు తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకుంది.

"మీ పాపేది?"

"హాల్లో ఉందండీ."

"ఈ తలుపు వెయ్యి. మీ ఆయన్ని పిలువు. నేను పెద్ద పాట ఒకటి ఎత్తుతా."

హాల్లో ఆమె గొంతు లేచింది. మా ఆయన మంచు జాకెట్, ఈత కళ్లద్దాలు, ఓవెన్ గ్లవ్స్ తొడుక్కుని, సీసాలను మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి సర్ది, పక్క తలుపులోంచి గరాజ్‌లోకి మోశాడు. పాట అయిపోవచ్చింది, ఇంకా ఒక డబ్బా మిగిలింది. ఆమె మొదటి చరణం మళ్లీ అందుకుంది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె అన్నది ఒక్కటే: "అన్నీ తెరిచాక నాకు మెసేజ్ పెట్టు."

అందరూ వెళ్లాక ఆయన మొదటి సీసా మూత కదపగానే నురగ గరాజ్ కప్పుకు కొట్టింది. నేను పాపను ఎత్తుకుని ఇంట్లోనే ఉన్నాను. తలుపు అవతల బుస్సుమన్నప్పుడల్లా పాప నవ్వింది. చాలాసేపటికి ఆయన తడిసిన జాకెట్‌తో వచ్చి, అయిపోయాయన్నాడు. అమ్మగారికి రాశాను, నలభై సీసాలూ తెరిచామని.

వెంటనే జవాబు వచ్చింది. "నువ్వు లెక్కపెట్టావా, ఆయన చెప్పాడా?"

పాపను ఆయన చేతికిచ్చి గరాజ్‌లోకి వెళ్లాను. చల్లటి సిమెంటు నేల మీద కూర్చుని, జిగురుగా అంటుకుంటున్న మూతలను పదేసి చొప్పున పక్కన పెట్టాను. నలభై ఉన్నాయి. అన్నిటినీ కలిపేసి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను.