ఎత్తు తవ్వమంటే పల్లం నింపాడు

కరోనా రెండో ఏడాది వేసవిలో మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యింది. గాయం మానినా భయం పోలేదు. గోడ పట్టుకోకుండా అడుగు వేసేది కాదు. నడుము లోతు నీళ్లలో నడిపించమని డాక్టర్ ఫోన్లో చెప్పాడు. సూరత్‌లో ఈతకొలనులన్నీ మూతపడ్డాయి. మా ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానా సేఠ్, పిల్లల కోసం కొన్న పూల్ ఆల్థాన్‌లోని తన ఇంట్లో ఊరికే పడుందని ఇచ్చేశాడు. ఇనుప గొట్టాల చట్రానికి మందపాటి రబ్బరు గుడ్డ బిగించి, నేల మీదే నడుమెత్తున నిలబెట్టే రకం.

కోసాడ్ పేటలో మా ఇంటి వెనక జాగా ఉంది కానీ, మురికికాలువ వైపు బాగా వాలు. మగ్గాలు బంద్ కావడంతో మా ఆయనకు చేతులు దురద పెడుతున్నాయి.

"ఎత్తున్న దిక్కు తవ్వు కొడకా. పల్లం నింపకు," అంది అత్తమ్మ మంచంలోంచి.

"నువ్వు జర ఊకో అమ్మా. కార్ఖానాల గింత చిందీ పడి ఉంటే తవ్వుడెందుకు?"

చిందీ అంటే మగ్గాల దగ్గర మిగిలే గుడ్డపీలికలు, దారపు చిక్కులు. మా ఇళ్లల్లో దిండులోకీ అదే, తలుపు సందుకూ అదే, కుంటి మంచం కోడు కిందికీ అదే. మూటలకు మూటలు తెచ్చి పల్లంలో కుక్కాడు. పైన మన్ను కప్పి ఎగిరెగిరి తొక్కాడు. చదునైందో లేదోనని పళ్లెంలో నీళ్లు పోసి పెడితే చుక్క ఒలకలేదు. మీసం మెలేశాడు. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

పూల్ సగం నిండేసరికి ఆ బరువుకు చిందీ అణిగిపోయింది. పూల్ ఒక పక్కకు ఒరిగి, నీళ్లన్నీ కాలువలోకి ఉరికాయి, వాటి వెంట మా ఆయన చెప్పులు కూడా. నాకు నవ్వాగలేదు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇడ్సిపెట్టు బిడ్డా. నాకు గీ గోడే గతి," అని అటు తిరిగి పడుకుంది.

తెల్లారి ఇద్దరం గడ్డపారలు పట్టాం. చిందీ అంతా పెరికేసి, ఎత్తంతా చెక్కి, ఆ మన్ను దూరంగా పోశాం. చేతులు బొబ్బలెక్కాయి. పూల్ మళ్లీ నింపితే ఈసారి నీళ్లు అంచు పొడుగునా సమంగా నిలబడ్డాయి.

బయటొక స్టూలు, లోపలొక స్టూలు వేసి అత్తమ్మను దింపాం. నా చెయ్యి గట్టిగా పట్టుకుని మెల్లగా నడిచింది. కాసేపటికి విదిలించి, "జరుగు, తొవ్వకు అడ్డం నిలబడ్డవేంది?" అంది. అవతలి అంచు దాకా ఒక్కతే వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. బయట మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎత్తు తవ్వుమంటి గదరా," అంది అత్తమ్మ, అంచు పట్టుకోకుండానే వెనక్కి తిరుగుతూ.