కింది మెట్టు

మా తాంపెరె ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసే వెయిక్కా గోళ్ళలో ఎప్పుడూ గ్రీజే. శనివారం ఆవిరిగదిలో అందరికంటే ముందు, వేడి ఎక్కువగా తగిలే పై మెట్టెక్కి, కాలిన రాళ్ళమీద నీళ్ళు పోసేది అతనే. ఈ శనివారం మాత్రం దళసరి తువ్వాలు పరుచుకుని, చిన్నపిల్లలు కూర్చునే కింది మెట్టుమీద ముడుచుకున్నాడు. "ఏరా పాపాయీ, వేడికి భయమేసిందా?" అన్నాడు పైనుంచి స్నేహితుడు ఒస్కరి. మిగతావాళ్ళు నవ్వారు. మావాళ్ళకు ఒకరి ముందొకరు బట్టలు విప్పడానికి సిగ్గుండదు, మనసులో మాట చెప్పడానికే నోరు రాదు.

వెయిక్కా గోరు గీరుకుంటూ, "నాకు సుఖవ్యాధి వచ్చిందిరా, క్లమీడియా. మాత్రలు వాడుతున్నా. మెట్టుమీంచి అంటదని నర్సు చెప్పింది. అయినా మీ పక్కన కూర్చోవడానికి మనసొప్పలేదు," అన్నాడు.

ఒస్కరి మెల్లగా కిందికి దిగి, అతని తువ్వాలు అంచునే కూర్చున్నాడు.

"కాస్త జరగరా. సోమవారం ఆ నర్సు దగ్గరికి నన్నూ తీసుకెళ్ళు."