గద్వాలలో పన్నెండు ఎప్పుడవుతుంది?

మా చిన్నప్పుడు... అక్క గురుకులం పరీక్షకు సరిగ్గా ముందు రోజే మా ఇంటి గోడ గడియారం ఆగిపోయింది.

మాది మానవపాడు పక్కన చిన్న ఊరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న దగ్గర, నాన్నేమో మిరపకాయల లోడుతో పోయి ఉన్నాడు. అమ్మ దుకాణం నుంచి కొత్త సెల్లు తెచ్చి గడియారంలో వేసింది. ముల్లు కదిలింది. కానీ టైము పెట్టాలి కదా...

"ఉండుండ్రి, పక్కింట్ల అడిగొస్త" అని అమ్మ లేచింది.

"ఎందుకమ్మా అడుగుడు? నాకొస్తది" అంది అక్క.

అక్క అప్పుడు నాలుగో తరగతి, నేను ఒకటి. గురుకులంలో సీటు వస్తే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. రాకపోతే ఏమిటో నాన్న ముందే చెప్పేశాడు... "సీటొస్తే పో. లేకుంటే నాతోని సీడు పత్తి చేనికి రా."

మిట్టమధ్యాహ్నం పన్నెండుకు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని అక్క పుస్తకంలో ఉంది. వాకిట్లో కట్టె పాతింది. నీడ కొస దగ్గర బొగ్గుతో గీత. నీడ జరగ్గానే ఇంకో గీత. నాకు కాళ్ళు కాలుతున్నాయి.

"ఇగ అయిందా అక్కా?"

"ఆగే... ఇంక తగ్గుతుంది."

తగ్గి, తగ్గి, ఒకచోట నిలబడింది. "పన్నెండు!" అని అరిచింది అక్క. లోపల స్టూలెక్కి నిలబడ్డ అమ్మ రెండు ముళ్ళనూ పన్నెండు మీద కలిపింది.

ఆ సాయంత్రం దాకా అక్క నడకే మారిపోయింది.

మర్నాడు పొద్దున మేం పోయేసరికి బస్సు లేదు. "వీని పాడుగాను, టైము కాకముందే తోలుకపోయిండు" అని అమ్మ డ్రైవర్ను తిట్టింది. ఏదో ఆటో పట్టుకుని గద్వాల చేరాం. పరీక్ష జరిగే చోట గేటు మూసి ఉంది. లోపలివైపు ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మూసి పది నిమిషాలాయె" అన్నాడు, లేవకుండానే.

"ఇంక టైము కాలే గదా సారూ... మా ఇంట్ల గడియారం చూసుకోనే ఎల్లినం" అంది అమ్మ.

ఆయన ఊచల్లోంచి తన ఫోను అమ్మ మొహం ముందు పెట్టాడు. "మీ ఊరికి వేరే టైముందా ఏందమ్మా?"

అప్పుడు అక్క ముందుకొచ్చింది. చేతులు కట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది... కట్టె ఎట్లా పాతిందో, గీతలు ఎట్లా గీసిందో, నీడ ఎక్కడ ఆగిందో. ఆయన మధ్యలో ఆపలేదు. తలూపుతూ విన్నాడు. విని, గేటు బయట నీడపట్టున కూర్చున్న తల్లిదండ్రులను పిలిచాడు.

"ఇటు రాండ్రి జర. ఇంకోసారి చెప్పు బిడ్డా, వీళ్ళు గూడ వింటరు."

అక్క ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది. బాగా చెబితే గేటు తెరుస్తాడనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

"శభాష్! మస్తు చెప్పినవ్. ఇగ ఇంటికి పో" అన్నాడు. "మళ్ళొచ్చేటప్పుడు పొద్దును జర జల్దీ రమ్మను."

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళ పిల్లలంతా లోపల పరీక్ష రాస్తున్నారు.

నాన్న కొట్టలేదు. తిట్టలేదు. ఆ వానాకాలం అక్కను చేనికి తీసుకుపోయాడు, అంతే. సీడు పత్తిలో మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు పుప్పొడి అద్దాలి, ఎండకు పూలు వాడేలోపు. సాళ్ళలో ఆడవాళ్ళకు అక్క ఒక ఆట అయింది.

"ఏం గడియారమా, టైమెంతాయె?"

"నీడ పొట్టిగయిందా? సద్ది ఇప్పుదామా?"

మొదట్లో అక్క ఏడ్చేది. తర్వాత విననట్టు ఉండేది. తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలికేది...

నేను మాత్రం చదువుకున్నాను. ఇప్పుడు వనపర్తిలో డిగ్రీ. ఈ మధ్య లైబ్రరీలో ఒక పుస్తకంలో 'ప్రామాణిక సమయం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒకప్పుడు బొంబాయికి ఒక టైము, కలకత్తాకు ఒక టైము ఉండేవట. అట్లయితే కుదరదని దేశానికంతటికీ ఒక్క రేఖాంశాన్ని ఎంచుకున్నారు... ఎనభై రెండున్నర డిగ్రీలు. అది మీర్జాపూర్ దగ్గర నుంచి, కిందికి మన కాకినాడ పక్క నుంచి పోతుంది. అక్కడ పొద్దు నడినెత్తికి వస్తే దేశమంతా పన్నెండు అనుకోవాలి. పొద్దు ఒక్క డిగ్రీ పడమరకు జరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. లెక్క వేశాను. మా గద్వాల వైపు నడినెత్తికి వచ్చేసరికి పన్నెండు దాటి దగ్గర దగ్గర ఇరవై నిమిషాలు అవుతుంది.

అక్క గడియారం కూడా అంతే వెనక ఉండింది.

ఆ శనివారమే ఊరికి పోయాను. ఇంటికి కూడా పోలేదు, నేరుగా చేనికి. సాలులో నిలబడే చెప్పాను... "నువ్వు తప్పు పెట్టలే అక్కా. అది నిజంగ మన దగ్గరి పన్నెండే. మీ ఊరికి వేరే టైముందా అన్నడు సూడు ఆ గేటాయన... ఉందక్కా. నిజంగనే ఉంది."

అక్క మొహం వెలుగుతుందని అనుకున్నాను. వేళ్ళకంటిన పుప్పొడిని కొంగుకు తుడుచుకుంటూ ఊరికే వింది.

"అయితే ఆ పాఠంల ఇంకొక్క లైను రాస్తే ఏం పోతుండెనే?" అంది. "మీ ఊర్ల గిన్ని నిమిషాలు కలుపుకోండ్రి అని..."



"జరుగు. పూలు వాడిపోతున్నయ్" అని అవతలి సాలులోకి పోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో అందరి చేతుల్లో ఫోన్లు. టైము ఎవరూ పెట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పరీక్షలకు పిల్లలు గంట ముందే పోయి గేటు దగ్గర ఉంటున్నారు...

మీ ఇళ్ళల్లో కూడా పుస్తకాన్ని నమ్మి, అందులో ఒక్క లైను తక్కువై ఆగిపోయినవాళ్ళు ఉంటే కింద రాయండి. ఆ తక్కువైన లైను కూడా రాయండి. ఎవరి పిల్లలకైనా పనికొస్తుంది.

మా అక్కకు పనికిరాదు.