హనోకు రెండు వేళ్లు

ఎవరేం చెప్పినా హనోకు ముందు రెండు వేళ్లు ఎత్తుతాడు. చూపుడువేలు, నడిమివేలు. నువ్వొకడివి చెప్పావు, రెండో మనిషి ఎవరని దాని అర్థం.

అన్నం ఉడికిందని భార్య గ్రేసమ్మ చెప్పినా అంతే.

"నువ్వు చెప్పినవ్. ఇంకెవరు చెప్పిండ్రు?"

"గిన్నె చెప్పింది. పోయి అడుగు."

హనోకు లేచి వెళ్లి, మూత తీసి చూసి, అప్పుడు వచ్చి కంచం ముందు కూర్చుంటాడు.

సైన్యంలో ఇరవై రెండేళ్లు అతడు తుపాకి పట్టింది తక్కువ, కాగితం పట్టింది ఎక్కువ. శత్రువు గురించి వచ్చే కబుర్లను జల్లెడ పట్టే దఫ్తరు అతనిది. కబురు తెచ్చిన మనిషికి ఒక అక్షరం, తెచ్చిన కబురుకు ఒక అంకె. పక్కా మనిషి ఏ. పక్కా మాట ఒకటి. హవల్దారుగా పింఛను తీసుకుని నారాయణఖేడ్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మనూర్ దారిలో ఉన్న తన ఊరికి వస్తూ ఆ జల్లెడను కూడా తెచ్చుకున్నాడు. పాలు పోసే బసవరాజ్ బి-రెండు. ఆటో ధర్మేందర్ చాయ్‌కి ముందు డి-ఐదు, చాయ్ తాగాక సి-మూడు.

"మరి నేను?" అని గ్రేసమ్మ ఒకసారి అడిగింది.

"ఏ."

"అంకె?"

హనోకుకు అప్పుడే గొడ్లకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చింది.

ఊరంతా నవ్వుకునే ఈ సంగతులకు పక్క వీధి చందన ఏడాదిగా నవ్వడం లేదు. కిందటేడు ఆమె సర్కారు కొలువు పరీక్షకు సంగారెడ్డి వెళ్లింది. ఒక్క నిమిషం ఆలస్యమైంది. గేటు మూసేశారు. లోపల నడిచి వెళ్తున్న వాళ్ల వీపులను ఆమె చువ్వల సందులోంచి చూసింది. ఈ ఆదివారం మళ్లీ అదే పరీక్ష. "గిది ఆఖరు బిడ్డా. ఇగ నాతోని గాదు," అని తండ్రి మొగులప్ప ముందే చెప్పేశాడు.

కిందటేడు ధర్మేందర్ ఆటో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నారాయణఖేడ్‌లో బస్సు వెళ్లిపోయింది. వీధి వీధంతా అతని మీద పడింది. "నా జిందగీల గంత జల్దీ ఎన్నడు లేవలే!" అని ధర్మేందర్ ఒట్టు పెట్టుకున్నాడు. హనోకు మూడు రోజులు విచారణ చేశాడు. నాలుగో రోజు నడిబజారులో నిలబడి చెప్పాడు.

"తప్పు నాది. బస్సు టైం ధర్మేందర్‌కు నేనే తప్పు చెప్పిన. ఒక్కని మాట నమ్మి చెప్పిన."

చాయ్‌కి ముందు ఎవరేం చెప్పారో ధర్మేందర్‌కు ఎప్పుడూ గుర్తుండదు. కాబట్టి అతడూ తలూపాడు. ఆ రోజు నుంచి ఊళ్లో జనం హనోకును చూసి ఒంటి వేలు ఎత్తడం మొదలుపెట్టారు. చందన మాత్రం వేలు కూడా ఎత్తలేదు. ముఖం తిప్పుకుని వెళ్లిపోయేది.

అయినా శనివారం సాయంత్రం ఆమె హనోకు అరుగు మీదికి రాక తప్పలేదు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ఆటో, అది ఆగేది అక్కడే. ధర్మేందర్‌ను, బసవరాజ్‌ను హనోకు ముందే పిలిపించాడు. చందన స్తంభం పక్కన కూర్చుంది.

"నేను ప్లాన్ చెయ్య," అన్నాడు హనోకు. "అవుతలోడు ఏం చేస్తడో చెప్త. మనకేం తెల్వదో గది గూడ చెప్త. ప్లాన్ మీరు చెయ్యిండ్రి."

"అవుతలోడు ఎవడు కాకా?" అన్నాడు ధర్మేందర్.

"టైం. మిలిటరీల పెద్ద పని పడితే భూమ్మీదోడు, గాలిలోడు, నీళ్లమీదోడు ఒక్క కాడ కూసుంటరు. నీ ఆటో భూమి. బసవరాజ్ బండి గాలి. బస్సు నీళ్లు."

"బస్సు నీళ్లెట్లయితది?"

"మన చేతుల లేదు గనక."

"నా బండి గాలా?" బసవరాజ్ నొచ్చుకున్నాడు. "నలభై లీటర్ల పాలు మోస్తది కాకా అది."

హనోకు వినిపించుకోలేదు. "పంచరు గావొచ్చు. గది చిన్న ఆపద. పెద్ద ఆపద గొర్లు. రేపు వారపు అంగడి. తెల్లారంగ తోలుకపోతరు. ఎన్ని గంటలకు రోడ్డెక్కుతరో, గదొక్కటి తెల్వదు."

ధర్మేందర్ కొంటెగా రెండు వేళ్లు ఎత్తాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"గొర్లు కాసే భీమమ్మ చెప్పింది. మంద కాడికి పోయి గొర్లను గూడ చూసొచ్చిన."

ధర్మేందర్ వేళ్లు దించాడు. ఆటో వెనకే వంద గజాల దూరంలో బసవరాజ్ మోటార్‌సైకిలు రావాలని తేలింది.

"ఇగ గడియారం," అన్నాడు హనోకు. "ముగ్గురికి ఒకటే ఉండాలె. గ్రేసమ్మ గడియారం."

చందన తలెత్తింది. గ్రేసమ్మ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. ఆదివారం చర్చికి వేళకు చేరాలని ఆమె ఏనాడో అలా తిప్పి పెట్టుకుంది.

"అది తప్పు గడియారం కాకా!"

"అందరికి ఎరుకున్న తప్పు మంచిదే బిడ్డా. ఒక్కరికే ఎరుకున్న ఒప్పు ముంచుతది."

అందరూ లేచారు. చందన లేవలేదు. తప్పు గడియారంతో తన బతుకును సంగారెడ్డికి పంపుతున్నారు. అరుగు ఖాళీ కాగానే లోపలికి వెళ్లి, స్టూలు ఎక్కి, ఫోన్‌లో టైం చూసి ముల్లు మీద చెయ్యి వేసింది.

"మల్లా ముట్టకే!" వంటింట్లోంచి గ్రేసమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"మల్లానా?"

గ్రేసమ్మ నాలుక కరుచుకుంది. కానీ మాట అప్పటికే బయటపడింది.

చందనకు గుర్తొచ్చింది. కిందటేడు పరీక్ష ముందు సాయంత్రం కూడా తాను ఇదే స్టూలు ఎక్కింది. ఏ పొరపాటూ జరగకూడదని ముల్లు సరిచేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. రాత్రంతా పాటలు పాడి ధర్మేందర్ ఫోన్ తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. అతడు ఈ అరుగు మీద చాయ్ తాగుతూ తలుపులోంచి ఈ గడియారమే చూస్తాడు. చూసి, పది నిమిషాలు తీసేసుకుంటాడు. ఆ రోజు గడియారం నిజం చెప్పింది. అతడు అలవాటుగా పది తీసేశాడు.

"నేనా చిన్నమ్మా?"

"మూడో దినం మీ కాక కనిపెట్టిండు. నన్నడిగిండు, నువ్వొచ్చినవని చెప్పిన. అయినా నమ్మలే. స్టూలు మీద నీ కాలి అచ్చు చూసినంకనే నమ్మిండు. 'పరీక్ష పోయిందని మోస్తనే ఉంది, గిది గూడ మోస్తే పిల్ల కూలబడ్తది' అన్నడు. నాతోని ఒట్టేయించిండు."

చందన మెల్లగా స్టూలు దిగింది. ముల్లును ముట్టుకోలేదు.

తెల్లారి మూడో మలుపులో గొర్రెలు నిజంగానే రోడ్డెక్కాయి. రోడ్డు కనబడలేదు, ఉన్ని కనబడింది. ధర్మేందర్ హారన్ కొట్టాడు. గొర్రెలు దాన్ని పలకరింపు అనుకున్నాయి. చందన ఆటో దిగింది. అంతలో బసవరాజ్ బండి చేను గట్టు మీదుగా వచ్చి ఆగింది. పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని ఆమె ఖేడ్ చేరేసరికి బస్సు ఇంకా స్టార్టు కాలేదు.

సంగారెడ్డిలో గేటు బార్లా తెరిచి ఉంది. ఆమె ఫోన్ చేసింది.

"కాకా, గేటు కాడున్న. ఇంక అర్ధగంట ఉంది."

"ఇంకొకరెవరు?"

"ఇగో, వాచ్‌మన్‌తోని మాట్లాడు."

వాచ్‌మన్ కంగారుగా, "అవును సార్, తెరిచే ఉంది సార్," అన్నాడు.

మరునాడు పొద్దున్నే చందన వచ్చింది. హనోకు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు.

"బాగ రాసిన కాకా."

రెండు వేళ్లు లేచాయి.

"గడియారం సంగతి గూడ ఎరుకైంది," అంది ఆమె.

వేళ్లు గాలిలోనే ఆగాయి. "ఎవరు చెప్పిండ్రు?"

"చిన్నమ్మ."

"ఇంకొకరు?"

"స్టూలు."

లోపల గ్రేసమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. హనోకు గడియారం వైపు చూశాడు. తర్వాత ఒక వేలు ముడిచాడు. మిగిలిన వేలితో స్టూలు చూపించి, "కూసో బిడ్డా," అన్నాడు.