గేదెల పాక గుమ్మం మీద పూసిన ఉల్లి

కోనసీమలో పుట్టినవాడికి ఎత్తైన ప్రదేశమంటే ఏటిగట్టు. అలాంటి చోటినుంచి ఒక పెద్దమనిషి గోదావరి ఎగువ కొండల్లో మొలిచే ప్రతి మొక్కనీ రాసిపెడతానని బయల్దేరితే, అమలాపురంలో జనం ఆయన గురించి ఏమనుకునేవారో నేను రాయక్కర్లేదు. ఆయన నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. సెలవులిస్తే చాలు, లాంచీ ఎక్కి కొండలకి పోయేవారు. తెచ్చిన మొక్కల్ని ఆయన భార్య పాత పేపర్ల మధ్య పరిచి, పైన సన్నికల్లు పెట్టి, రోజూ తడి పేపరు తీసి పొడి పేపరు వేసేవారు. పన్నెండేళ్లు వేసేరు. ఆ తర్వాత ఆవిడ పోయేరు.

అప్పటికే మాస్టారికి ఆయాసం పట్టుకుంది. డాక్టరు మేడమెట్లే వద్దన్నాడు. అయినా ఆఖరుసారని చెప్పి, ఒక వానాకాలం నన్ను వెంటబెట్టుకుని వెళ్లేరు. కొండ కొసన వెడల్పాటి ఆకులతో అడవి ఉల్లి ఒకటి కనిపించింది. నక్కవుల్లి మాకు తెలిసిందే. ఎండల్లో ఆకులన్నీ పోయి, ఒట్టి కాడ మీద మాసిన తెలుపు పూలు పూస్తుంది. దీని ఆకు దానికి రెండింతలుంది.

"ఇది వేరే జాతోయ్," అన్నారు మాస్టారు బండ మీద కూలబడి. "రుజువైతే ఆవిడ పేరు పెడదాం."

ఆవిడంటే ఎవరని నేను అడగలేదు.

ఆరు గడ్డలు తవ్వి నా చేతికిచ్చేరు. నేనప్పుడు కొత్తపేటలో సైన్సు మేష్టర్ని. వేసవి దాకా పెంచి చూడాలి. ఆకు ఎండిపోయి నక్కవుల్లిలాగే పూసిందా, రెండూ ఒకటే. లేదా, ఆవిడ పేరు నిలుస్తుంది.

"వీటికి నీళ్లు పొయ్యకత్తయ్యా, కొండమొక్కలు," అని, గడ్డలు కుండీల్లో పాతి మా ఇంట్లోనే ఉండే మేనత్తకి చెప్పేను.

"ఆయ్," అంది.

కొన్నాళ్లకి ఒక కుండీ ఖాళీగా కనిపించింది. కుళ్లిందనుకున్నాను. మిగతా అయిదూ పచ్చగా ఉన్నాయి. వైశాఖం వచ్చింది, కాలవలు కట్టేసేరు, మా పెరట్లో గడ్డి మాడిపోయింది. ఉల్లాకులు మాత్రం నవనవలాడుతున్నాయి. 'ఆకు ఉన్నది, పువ్వు లేదు' అని మాస్టారికి కార్డుల మీద కార్డులు రాసేను. 'చాలా సంతోషం' అని ఆయన జవాబు. సంతోషమనే మాట ఆయన రాయడం నేను చూడటం అదే మొదలు.

గేదెల పాకలోకి వెళ్లడం నా డిగ్రీకి తగదని అప్పట్లో నాకో అభిప్రాయముండేది. ఆ ఉదయం పాలేరు రాలేదు, గేదె ఈనింది, తప్పక వెళ్లేను. గుమ్మానికి పసుపుతాడుతో తలకిందులుగా వేలాడుతోంది ఆరో గడ్డ. ఆకు ఒక్కటి లేదు. అడుగునుంచి పొడుగాటి కాడ వెలుతురు వైపు వంపు తిరిగి లేచింది. కాడనిండా మాసిన తెలుపు పూలు.

"ఇదేంటత్తయ్యా?"

"కలబంద దొరకలేదురా, ఇది కట్టేను. చూడిగేదెకి దిష్టి తగిల్తే నీ సైన్సు పాలిస్తుందేంటి?"

"మరి ఆ కుండీల్లో..."

"నువ్వు బడికెళ్లేక రోజూ తలో చెంబెడు. ఎండలో నోరులేనివాటికి నీళ్లు పొయ్యకపోతే ఏ నరకానికి పోతావు?"

మా ఊళ్లో మొక్క ఎండుతుంటే చూస్తూ ఊరుకునేవాడు పుట్టలేదు. నేను రాసిన కార్డులన్నీ అత్తయ్య చెంబు గురించేనని తెలిసింది.

కొడవలి చూరులోనే ఉంది. కాడ కోసి పేడకుప్పలో పడేస్తే చూసేవాడు లేడు. కొడవలి తీసేను కూడా. తాడు కోసేను.

అమలాపురం బస్సులో పక్కాయన గడ్డకేసి, నాకేసి చూసి, "మీ ఊళ్లో ఉల్లిపాయలు ఒడిలో కూచోబెట్టుకుని తిప్పుతారాండీ?" అన్నాడు. ఆయ్ అన్నాను.

మాస్టారు భూతద్దంతో పువ్వుని చాలాసేపు చూసేరు. ఆరో గడ్డ సంగతి, చెంబు సంగతి, అన్నీ చెప్పేను. కలం తీసుకుని జాబితాలో కొత్త జాతి అన్న వరస కొట్టేసేరు. నక్కవుల్లి కింద 'నీరున్నచోట ఆకు వేసవిలోనూ నిలుచును' అని చేర్చేరు. పువ్వుని కాగితం మీద సర్ది, చీటీ రాయడం మొదలెట్టేరు. దొరికిన చోటు: కొత్తపేట, గేదెల పాక గుమ్మం.

"సేకరించినది... మీ మేనత్తగారి పేరేంటోయ్?"

చెప్పేను. రాసేరు. కలం పట్టుకునే లేచి, పెట్టెలోంచి ఎండుమొక్కల పాత కట్ట ఒకటి తీసేరు. మొదటి చీటీలో సేకరించినది అన్నచోట ఆయన పేరుంది. దాని కింద 'ఎండబెట్టినది' అని రాసి, భార్య పేరు రాసేరు. రెండో కాగితం తీసేరు. నేను సిరాబుడ్డి దగ్గరికి జరిపేను.

ఆ వేసవంతా అదే పని చేసేరు. వానలు మొదలయ్యేక పోయేరు. ఆఖరి రెండు కట్టల మీద ఆవిడ పేరు నా దస్తూరీలో ఉంటుంది.